వేలెడంత సైన్యం

తమ్ముడికి తెచ్చిన బొమ్మని అక్కచెల్లెళ్ళు లాక్కోవడం ఏ ఇంట్లోనైనా జరిగే భాగోతమే. కాకపోతే 1826 జూన్‌లో ఇంగ్లండులో హావర్త్ అనే పల్లెటూళ్ళో, ఒక పాదిరీగారింట్లో జరిగిన లాగులాటని మాత్రం సాహిత్యం చదువుకున్నవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ పాదిరీగారి పేరు పాట్రిక్ బ్రాంటీ. భార్య పోయి అయిదేళ్ళు. ఆ ముందు సంవత్సరమే పెద్ద కూతుళ్ళిద్దరూ కూడా పోయారు. మిగిలిన నలుగురు పిల్లల్లో మొగపిల్లాడు ఒక్కడే, బ్రాన్వెల్. లీడ్స్ వెళ్ళివస్తూ తండ్రి వాడికోసం పన్నెండు చెక్క సిపాయిలున్న పెట్టె పట్టుకొచ్చాడు. తెల్లవారీ తెల్లవారకముందే వాడా పెట్టె పట్టుకుని అక్కచెల్లెళ్ళ గదిలోకి పరిగెత్తాడు. పదేళ్ళ షార్లెట్ మంచం మీంచి ఒక్క దూకు దూకి, అందరికన్నా అందంగా వున్నవాణ్ణి ఎగరేసుకుపోయింది. వీడు నా డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అంది. ఇంకేముంది, తమ్ముడి సిపాయి నెపోలియన్ అయ్యాడు. ఎమిలీ తీసుకున్నవాడి మొహం గంభీరంగా వుందని వాడు గ్రేవీ అయ్యాడు. ఆఖరి పిల్ల ఆన్‌కి తనలాగే చిన్నగా, చిత్రంగా వున్నవాడు దొరికాడు. వాడికి వెయిటింగ్ బాయ్ అని పేరు.

ఆ కర్రముక్కల చుట్టూ పిల్లలు ఊళ్ళు కట్టారు, రాజ్యాలు కట్టారు, యుద్ధాలూ ప్రేమలూ ద్రోహాలూ నడిపారు. సిపాయిలు చదువుకోవాలిగా మరి! అందుకని అగ్గిపెట్టెంత పత్రికలు చేతిరాతతో తయారుచేశారు. ఆ పత్రికల్లో ఒకదాన్ని 2019లో పారిస్ వేలంలో హావర్త్ మ్యూజియంవాళ్ళు 6 లక్షల యూరోలకి పాడుకున్నారు. ఆ ఆట పిల్లలతో పాటే పెరిగి పెద్దదయింది. 1847లో 'జేన్ ఐర్', 'వుదరింగ్ హైట్స్' బయటికొచ్చేనాటికి ఆ చేతులు ఇరవయ్యేళ్ళుగా కథలు రాస్తున్న చేతులు. నవలలు రాసుకునేదాన్ని కనక నాకా పెట్టె మీద కాస్త పక్షపాతం వుంది, దాచుకోను.

ఆ ఆడపిల్లలు చేసిందేమిటో గమనించారా? బజార్లో కొన్న బొమ్మని బజార్లో కొన్నట్టు వుంచలేదు. పేరు పెట్టారు, పుట్టుపూర్వోత్తరాలు తగిలించారు, తమ సొంతం చేసుకున్నారు. ఇవాళ ఇదే పనిని వయసొచ్చినవాళ్ళు చాలా దేశాల్లో పట్టుదలగా చేస్తున్నారు. అయితే వాళ్ళ సిపాయిలు వాటర్లూ నాటివాళ్ళు కారు. ఇంకో ముప్పై ఎనిమిదివేల ఏళ్ళకి గానీ పుట్టరు! సైన్సు ఫిక్షన్ సైన్యాలన్నమాట. వేలెడంత బొమ్మల్ని ముక్కలుగా కొని, అతికి, మార్చి, రంగులేసి, దండుగా పోగుచేసి, ఇంకొకరి దండు ఎదురుగా బల్లమీద మోహరించి, దర్జీ టేపులాంటి దానితో అంగుళాలు కొలిచి నడుపుతూ, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకుంటారు.

మా పెద్దమ్మ కూతురి కొడుకు ఒకడు నాటింగ్‌హామ్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. పోయిన సంక్రాంతికి వస్తూ అమ్మకి చీర, నాన్నకి స్వెట్టరు పెట్టెలో పడేసి, చేతిసంచీలో మాత్రం నురగ స్పాంజి గూళ్ళున్న డబ్బా ఒకటి గుండెకి హత్తుకుని తెచ్చాడు. అందులో ముప్పై అయిదుమంది సైనికులు, ఒక టాంకూ. "పిన్నీ, చూడు గానీ ముట్టుకోకు" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కందిగింజంత తల. ఆ తలలో కన్ను, కంట్లో తెల్లగుడ్డు, తెల్లగుడ్డులో నల్లచుక్క! వాళ్ళమ్మ వంటింట్లోంచే "వీడికి నేను సంబంధాలు చూస్తుంటే వీడు బొమ్మలకి కాటుక పెట్టుకుంటున్నాడే" అని సాగదీసింది. వాడు నవ్వి వూరుకున్నాడు. నేను మాత్రం ఈ పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను.

బ్రాంటీల కాలంలో సిపాయి బొమ్మలంటే చెక్కవి, లేదా జర్మనీలో పోతపోసిన తగరం బిళ్ళల్లాంటివి. డబ్బున్నవాళ్ళ పిల్లలకే ఓ దండు అమరేది. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ అనే ఆయన ఓ చిట్కా కనిపెట్టాడు. అచ్చులో కరిగిన సీసం పోసి, అచ్చుని తాకిన పొర గట్టిపడగానే లోపల ఇంకా ద్రవంగా వున్నదాన్ని వెనక్కి వంచేయడం. బొమ్మ డొల్లగా తయారవుతుంది. సీసం ఆదా, బరువు ఆదా, ధర తక్కువ. దాంతో మధ్యతరగతి పిల్లాడు కూడా సేనాధిపతి అయిపోయాడు.

మరి ఎర్రకోటు ఎర్రగా, బూటు నల్లగా, బుగ్గలమీద గులాబిచుక్క ఎవరు పెట్టారంటే, ఆడవాళ్ళు. కొందరు ఫ్యాక్టరీలో కూచుని, కొందరు బొమ్మల్ని ఇంటికి తెచ్చుకుని, ఇన్నింటికి ఇంతని కూలికి వేసేవారు. మన దగ్గర బీడీలు చుట్టినట్టూ, అప్పడాలు వత్తినట్టూ. పొయ్యిమీద ఏదో వుడుకుతుంటే, పసిపిల్ల కాళ్ళకి అడ్డం పడుతుంటే, టేబులు చివర వరసగా నిలబెట్టిన అశ్విక దళానికి గబగబా మీసాలు దిద్దిన ఆ ఇల్లాళ్ళ పేర్లు ఏ కేటలాగులోనూ లేవు.

ఆ చవక సిపాయిలు హెచ్. జి. వెల్స్ ఇంటికి కూడా చేరాయి. కాలయంత్రం కథా, అంగారకుడి మీంచి వచ్చి భూమిని దహించేసే మూడుకాళ్ళ యంత్రాల కథా రాసిన వెల్స్ ఆయనే. సైన్సు ఫిక్షన్‌కి పితామహుడనదగ్గవాడు బొమ్మ సైనికుల యుద్ధానికి కూడా పితామహుడు కావడం విడ్డూరంగా లేదూ? కొడుకుల ఆటసామాను గదిలో స్ప్రింగు ఫిరంగితో చెక్క గుళ్ళు పేలుస్తూ, నేలమీద పాకుతూ, వచ్చిన పెద్దమనుషుల్ని కూడా పాకిస్తూ, నియమాలు ఒక్కొక్కటే ఏర్పరిచి 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకం వేశాడు. ఆ పేరుకింద ఓ ఉపశీర్షిక వుంది. పన్నెండేళ్ళ నుంచి నూటయాభయ్యేళ్ళ దాకా వున్న మొగపిల్లలకట ఈ ఆట. ఇంకా, మొగపిల్లల ఆటలూ పుస్తకాలూ ఇష్టపడే, కాస్త తెలివితేటలు ఎక్కువున్న రకం ఆడపిల్లలకట! మెచ్చుకోలో దెప్పుడో తెలియకుండా మాట్లాడడంలో ఆయన గొప్పవాడే. ఆ సిపాయిలకి రంగులేసిన ఆడవాళ్ళు ఏ రకం కిందకి వస్తారో మటుకు రాయలేదు.

కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆయన ఆ పుస్తకం చివర యుద్ధాన్ని పొగడలేదు. ఈ చిన్న యుద్ధం మూడునాలుగుసార్లు ఆడి చూస్తే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ, అడ్డదిడ్డం వ్యవహారమో తెలిసొస్తుందన్నాడు. యుద్ధాలు చెయ్యాలని ఉవ్విళ్ళూరే వాళ్ళందర్నీ ఓ గదిలో పెట్టి ఈ బొమ్మలిచ్చేస్తే సరి అన్నట్టు రాశాడు. మరుసటి ఏడాది ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఈ బొమ్మలతో ఆడుకున్న కుర్రాళ్ళే కందకాల్లోకి దిగారు. వెల్స్ అదే 1914లో, ఈ యుద్ధంతో యుద్ధాలే అంతమవుతాయని ఇంకో పుస్తకం వేశాడు.

'లిటిల్ వార్స్'లో మాత్రం అంగారకవాసులు లేరు. కాల్బలం, గుర్రాలు, ఫిరంగులు, అంతే. రెండో యుద్ధం అయ్యాక ఇంగ్లండు, అమెరికాల్లో పెద్దవాళ్ళు ఈ ఆటని మళ్ళీ దుమ్ము దులిపారు. సౌతాంప్టన్‌లో ఫిజియోథెరపీ చేసుకునే డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో రాసిన 'వార్ గేమ్స్' అనే పుస్తకం చాలామందికి తొలిపాఠం. అప్పటికీ నెపోలియన్ యుద్ధాలే, రోమన్లే. రాక్షసులూ మాంత్రికులూ 1970ల్లో వచ్చారు. అమెరికాలో గారీ గైగాక్స్ అనే ఆయన చవక కొట్లో హాంకాంగ్‌లో చేసిన ప్లాస్టిక్ బొమ్మల పాకెట్టు కొన్నాడు. ఏ జంతువో చేసినవాడికే తెలియని వికృతాకారాలు. ఇవేమిటో తేల్చాలి గదా అని వాటికి పేర్లూ గుణాలూ కల్పించాడు. ఆయన ఆట 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో ఇనుముని తుప్పుగా మార్చి తినేసే జంతువొకటి అలా పుట్టిందే. అదిగో, మళ్ళీ హావర్త్ పిల్లల పద్ధతే. బొమ్మ ముందు, కథ వెనక.

లండన్‌లో 1975లో ముగ్గురు స్నేహితులు పెట్టుకుని, ఆ ఆటని ఇంగ్లండులో అమ్మిన చిన్న వ్యాపారమే గేమ్స్ వర్క్‌షాప్. కొన్నేళ్ళకి సీసం బొమ్మలు పోసే సిటడెల్ అనే సంస్థ దానికి తోడైంది. దాన్ని నడిపిన బ్రయన్ ఆన్సెల్ 1980లో 'లేజర్‌బర్న్' అనే సైన్సు ఫిక్షన్ యుద్ధపు ఆట రాశాడు. 1987లో రిక్ ప్రీస్ట్‌లీ రాసిన 'వార్‌హామర్ 40,000' వచ్చింది. మా వాడి డబ్బాలోది ఆ సైన్యమే. కథ వింటే అన్నం సయించదు. పదివేల ఏళ్ళుగా చావకా బతకకా బంగారు సింహాసనానికి అంటుకుపోయిన చక్రవర్తి, ఆయన్ని దేవుడిగా కొలిచే సామ్రాజ్యం, ప్రశ్నించినవాణ్ణి కాల్చేసే మతం, అంతులేని యుద్ధం. అందులో ఎవరూ మంచివాళ్ళు కారు. మార్గరెట్ థాచర్ కాలంలో ఇంగ్లీషు కుర్రాళ్ళు వెటకారంగా అల్లిన కథ అది. వెటకారం అన్న సంగతి అందరికీ ఎక్కలేదు. స్పెయిన్‌లో ఒక పోటీకి ఒకడు నాజీ గుర్తులున్న బట్టలు వేసుకుని వచ్చిన గొడవ తర్వాత, 2021 నవంబరులో ఆ కంపెనీవాళ్ళు ఆ సామ్రాజ్యం ఆదర్శం కాదని, ద్వేషం గుర్తులు తొడుక్కొచ్చేవాళ్ళకి తమ దగ్గర చోటులేదని ప్రకటన చెయ్యాల్సొచ్చింది. బొమ్మలిచ్చి గదిలో కూచోబెడితే యుద్ధపిపాసులు కుదురుకుంటారన్న వెల్స్‌కి ఇది చూపించాల్సింది!

ఇక పనితనం దగ్గరికి వద్దాం. నాకు మోజు కలిగించింది అదే.

ఇప్పటి బొమ్మలు ఎక్కువగా ప్లాస్టిక్‌వి. సీసం పిల్లలకి విషమని తెలిశాక సీసం సిపాయిల తయారీని బ్రిటన్ కంపెనీ 1966లో మానేసింది. యుద్ధపు బొమ్మలవాళ్ళు 1990ల్లో తగరం పాలెక్కువున్న లోహానికి మారి, క్రమేణా ప్లాస్టిక్‌కి వచ్చారు. తలలు, చేతులు, తుపాకులు అన్నీ ఒక చట్రానికి రెమ్మకి కాయల్లా వేలాడుతూ వస్తాయి. కత్తిరించి, అంచులు గీకి, అతకాలి. పెట్టెమీద బొమ్మ వేసినట్టే అతికితే అది అందరి సిపాయి. ఒకడి తల ఇంకొకడికి పెట్టి, కత్తి చేతిని తిప్పి, వీపుకి ఓ మూట తగిలిస్తే అది మన సిపాయి. దీన్నే వాళ్ళు కన్వర్షన్ అంటారు. పాత పట్టుచీర అంచు విప్పి కొత్త చీరకి వేసి, పైట కొంగు కోసి పిల్లకి పరికిణీ కుట్టి, మిగిలిన పీలికతో సంచీ చేసిన ఆడదానికి ఇందులో కొత్తగా నేర్పాల్సింది లేదు. మిగిలిన కాళ్ళూ చేతులూ ఎవరూ పారెయ్యరు. డబ్బాలో దాస్తారు. మనకి బొత్తాల డబ్బా లేదూ, అలాగే.

బరువైన ముక్క నిలవకపోతే సన్నని డ్రిల్లుతో రెండువైపులా కన్నం చేసి, పేపరు క్లిప్పు తీగ లోపల దూర్చి, ఫెవిక్విక్ లాంటి జిగురుతో అతుకుతారు. ఖాళీలు పూడ్చడానికీ, అంగీలూ వెంట్రుకలూ చెక్కడానికీ మన ఎమ్‌సీల్ తరహా ముద్ద ఒకటుంది. పసుపుదీ నీలందీ కలిపి పిసికితే ఆకుపచ్చగా అవుతుంది. చేతికి అంటుకోకుండా నీళ్ళతో వేళ్ళు తడుపుకుంటూ వుండాలి. "గారెలు తట్టినట్టన్నమాట" అన్నాను. "అవును పిన్నీ, కాకపోతే నూనెలో వెయ్యం" అన్నాడు మావాడు. చింతగింజల జిగురూ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో కొండపల్లి బొమ్మకి చేతులతికేవాళ్ళు చూస్తే ఇదీ మా విద్యే అనేవారేమో.

తొలిరోజుల్లో టాంకులూ విమానాలూ అన్నీ దొరికేవి కావు. 1980ల్లో ఆ ఆట రాసినవాళ్ళే, సెంటు పుల్ల ప్లాస్టిక్ డబ్బాకి అటూ ఇటూ ముక్కలతికి గాల్లో తేలే యుద్ధవాహనం ఎలా చెయ్యాలో బొమ్మలతో సహా అచ్చువేశారు. చంకలకి రాసుకునే సెంటు డబ్బా ముప్పై ఎనిమిదివేల ఏళ్ళ తర్వాతి రణరంగంలో! ఇవాళ కంపెనీ ప్రతి వాహనాన్నీ అచ్చుపోసి అమ్ముతోంది, చాలా ఖరీదుకి. పనితనం గొప్పదే, సందేహం లేదు. కానీ నాకు ఆ సెంటు డబ్బామీదే మనసు.

ఇక రంగులు. ముందు ఒంటినిండా ఒకే రంగు పూత. తర్వాత ఏ భాగానికి ఆ రంగు, పల్చగా, రెండుమూడు పొరలు. ఆపైన నీళ్ళల్లాంటి ముదురురంగు ఒకటి పోస్తే అది ముడతల్లోకి జారి నీడలా నిలుస్తుంది. ఆరాక ఎత్తుగా వున్న అంచులమీద లేతరంగు గీత. ఎండ పడ్డట్టు కనిపించడానికన్నమాట. తడి స్పాంజిమీద కాగితం పరిచి, దానిమీద రంగులు పెట్టుకుంటారు, ఎండిపోకుండా. తమలపాకులు తడిగుడ్డలో చుట్టి వుంచే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఆ కిటుకు చెప్పక్కర్లేదు. విగ్రహాలకి మనవాళ్ళు కళ్ళు ఆఖర్న తెరిపిస్తారు. వీళ్ళల్లో చాలామంది కళ్ళే మొదట వేస్తారు. చెయ్యి వణికి మెల్లకన్ను పడినా చుట్టూ చర్మం రంగుతో దిద్దుకోవచ్చు గనక. కుంచెల్లోకెల్లా వీళ్ళు కొలిచేది సైబీరియా వైపు దొరికే ఒక ముంగిసలాంటి జంతువు తోక వెంట్రుకలతో చేసింది. ఆ కుంచెల వరస 1866లో విక్టోరియా రాణి నీటిరంగుల సరదాకోసం విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీవాళ్ళు తయారుచేసిందట. రాణిగారి కుంచెతో ఇప్పుడు రాక్షసుల పళ్ళు తోముతున్నారు.

ఇంత ఓపిక, ఇంత చేతినేర్పు ఆడవాళ్ళ సొత్తని లోకం అంటుంది గదా, మరి ఆ బల్లల చుట్టూ ఆడవాళ్ళేరీ అని మావాణ్ణి అడిగాను. "వున్నారు పిన్నీ, తక్కువ" అన్నాడు. ఆ కంపెనీకి డ్రాగన్లూ భీకరమృగాలూ చెక్కిన శిల్పుల్లో ట్రిష్ కార్డెన్ అనే ఆవిడ వుంది. ఆమె చేతి మృగాల్ని తరాల కుర్రాళ్ళు రంగులేసుకున్నారు. ఆ కథలో కవచాలు తొడిగిన సన్యాసినుల సైన్యం ఒకటుంది. 1997లో వాళ్ళకి సొంత పుస్తకం ఇచ్చారు. ఆ తర్వాత వాళ్ళని ఇరవయ్యేళ్ళకి పైగా బరువైన లోహపు బొమ్మలుగానే వదిలేశారు. మగ సైన్యాలకి ప్లాస్టిక్ బొమ్మలు కొత్తవీ కొత్తవీ వస్తూనే వున్నాయి. వీళ్ళకి మాత్రం 2019 చివర్లో గానీ మోక్షం రాలేదు. ఈలోపల ఓపిక పట్టలేనివాళ్ళు ఏం చేశారు? తలలు మార్చారు. మగ కవచాలమీద ఆడ తలలు పెట్టి దండులు తయారుచేసుకున్నారు. కథలో అలా రాయలేదని గొణిగినవాళ్ళు గొణిగారు. 2024 ఏప్రిల్‌లో కంపెనీవాళ్ళే, చక్రవర్తి అంగరక్షకుల్లో ఆడవాళ్ళు మొదటినుంచీ వున్నారని ప్రకటించేసరికి పెద్ద రభసే అయింది. కందిగింజంత తలకాయ ఆడదా మగదా అని గడ్డాలొచ్చినవాళ్ళు నెలల తరబడి కొట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఆ కంపెనీ లండన్ స్టాకు మార్కెట్టులో మొదటి వంద పెద్ద కంపెనీల జాబితాకెక్కింది. రభస వ్యాపారాన్ని ఏమీ చెయ్యలేదన్నమాట.

కొనడం మటుకు ఎప్పుడూ చెయ్యి కన్నా ముందే పరిగెడుతుంది. పెట్టెలు విప్పకుండా, విప్పినా అతక్కుండా, అతికినా రంగులెయ్యకుండా అటకమీద పేర్చినదాన్ని వాళ్ళే 'సిగ్గుల గుట్ట' అని పిలుచుకుంటారు. నా బీరువాలో కుట్టించని జాకెట్టు గుడ్డలు పదకొండున్నాయి, కనక నేనేమీ అనను. గుట్ట కరిగించడానికే పెట్టారో ఏమో, 2020లో వచ్చిన నిబంధనల్లో నూటికి పది మార్కులు యుద్ధంతో నిమిత్తం లేకుండా, సైన్యం మొత్తానికి రంగులేసుకొచ్చినవాళ్ళకి ఇమ్మన్నారు.

వాడిన సైన్యాలు కూడా అమ్ముడుపోతాయి. అయితే కొన్నవాడు మొదట చేసే పని, వాటిని ద్రావకంలో నానేసి, పళ్ళ బ్రష్షుతో పాత రంగంతా వదలగొట్టడం. ఇంకొకరి చెయ్యి కనిపించకూడదు. బ్రిటన్ కంపెనీ పాత సీసం సిపాయిల విషయంలో సంగతి సరిగ్గా తలకిందులు. వేలాల్లో వాటి ధర తేల్చేది అసలు రంగు. ఎర్రకోటు పెచ్చులూడకుండా, బుగ్గమీద చుక్క చెదరకుండా వుంటే పాట పైకి పోతుంది. ఎవరైనా ముచ్చటపడి, నేర్పుగానే, కొత్తగా రంగు పూశారో, బొమ్మ విలువ పడిపోతుంది. అందుకని కొనేవాళ్ళు భూతద్దం పెట్టి చూస్తారు, ఈ మీసం ఆ ఇల్లాలు దిద్దిందేనా, తర్వాత ఎవరైనా వేలుపెట్టారా అని.